పురద్వారమునొద్ద జరిగిన వివాహము

ధ్యాన వాక్యభాగములు: రూతు 4:1–12, మత్తయి 19:3–9



2023 అక్టోబరు 17న సుప్రీం కోర్టు తీర్పు వచ్చిన తరువాతి ఆదివారము, ఆరాధన ముగిసి అందరు బయటికి వచ్చుచుండగా, మందిరపు వరండాలో ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకొన్నాడు. "అయ్యగారూ, గండం తప్పింది. లేకపోతే రేపు మీ చేత ఇద్దరు మగవాళ్ళకు పెండ్లి చేయించేవాళ్ళు గదా!" అన్నాడు. అవునన్నట్లు తల ఊపి ఇంటికి వచ్చితిని. తరువాత ఆ తీర్పును, దానితోపాటు మన పెండ్లిళ్ళకు ఆధారమైన 1872 నాటి ఇండియన్ క్రిస్టియన్ మ్యారేజ్ చట్టమును కూర్చుండి చదివితిని. నేను తల ఊపుట తప్పని అప్పుడు తెలిసినది.

ఎందుకనగా ఆ కోర్టులో మన మందిరపు పెండ్లి ఎన్నడును విచారణకు రాలేదు. సుప్రియో వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా అను ఆ వ్యాజ్యమును తెచ్చినవారిలో మొదటివారు హైదరాబాదులో నివసించు ఇద్దరు. అయిదుగురు న్యాయమూర్తులు 2023 ఏప్రిల్ 18 మొదలుకొని పది దినములు వాదనలు వినిరి. మతముల వివాహ చట్టముల జోలికి పోము, 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ చట్టము వరకే చూచెదము అని మొదటి దినముననే చెప్పిరి. అది ఏ మతముతోను నిమిత్తము లేకుండ రిజిస్ట్రారు ఎదుట జరుగు పెండ్లికి సంబంధించిన చట్టము. చివరకు ఆ చట్టమును కోర్టు తిరిగి వ్రాయజాలదని, అది పార్లమెంటు పనియని అయిదుగురును ఏకముగా చెప్పిరి. పెండ్లి కాకపోయినను వారి సహజీవనమునకు చట్టము ఒక గుర్తింపు ఇయ్యవలెనా అను విషయములో ముగ్గురు ఒక వైపు, ఇద్దరు ఒక వైపు నిలిచిరి. మళ్ళీ విచారించవలెనని వేసిన పిటిషన్లను 2025 జనవరిలో కొట్టివేసిరి. ఇంతే జరిగినది. మన విశ్వాసమును కోర్టు కాపాడలేదు, దానికి హాని చేయనూ లేదు. దానిని ముట్టుకొననే లేదు.

అయితే పెద్దాయన మాటలో ఒక నిజమైన ప్రశ్న ఉన్నది. పెండ్లి ఎవరిది? దేవునిదా, ప్రభుత్వముదా? ఈ ప్రశ్నతో మొదట బేత్లెహేము పురద్వారమునకు పోదము.

రూతు 4వ అధ్యాయములో బోయజు పురద్వారమునొద్ద కూర్చుండెను. దగ్గరి బంధువు ఆ దారిని పోవుచుండగా పిలిచి కూర్చుండబెట్టెను. ఊరి పెద్దలలో పదిమందిని పిలిపించెను. మొదట మాట్లాడినది పెండ్లిని గూర్చి కాదు, ఎలీమెలెకు పొలమును గూర్చి. పొలము కొనుటకు ఆ బంధువు సిద్ధపడెను. పొలముతోపాటు మోయాబీయురాలైన విధవరాలి బాధ్యత కూడ వచ్చునని తెలిసినప్పుడు వెనుకకు తగ్గెను. చెప్పు తీసి ఇచ్చిరి. పెద్దలు, ప్రజలు, అందరును సాక్షులమనిరి, దీవించిరి. రూతు బోయజు ఇల్లాలాయెను.

ఇందులో ఎవరు లేరో గమనించితిరా? యాజకుడు లేడు. బలిపీఠము లేదు. ఇస్సాకు రిబ్కాను తన తల్లి గుడారములోనికి తోడుకొనిపోయినప్పుడు కూడ (ఆదికాండము 24) యాజకుని మాట లేదు. కానా ఊరి విందులో మన ప్రభువు పెండ్లి జరిపించినవాడు కాడు, పిలువబడిన అతిథి. ఇన్ని పెండ్లిళ్ళ ముచ్చట ఉన్న బైబిలులో యాజకుడు నిలువబడి మంత్రము చెప్పి జరిపిన పెండ్లి ఒక్కటియు నాకు కనబడలేదు. పాస్టరు లేకపోతే పెండ్లి పెండ్లే కాదని మనవారు అనుకొనుచుందురు. కాపరినైన నాకు ఆ మాట వినుటకు బాగుండును గాని వాక్యము అట్లు చెప్పుట లేదు.

మరి పురద్వారము ఎందుకు కావలసి వచ్చినది? బోయజు అంతకు ముందు రాత్రియే కళ్ళములో యెహోవా జీవము తోడని రూతుకు మాట ఇచ్చియున్నాడు (రూతు 3:13). దేవుని యెదుట మాట అప్పుడే అయిపోయినది. అయినను తెల్లవారగానే పురద్వారమునకు పోయెను. ఎందుకనగా నయోమి విధవ, రూతు పరదేశి. రేపు ఎవరైన వచ్చి ఈ పొలము నాది, ఈమె ఎవరు, ఈ బిడ్డ ఎవని బిడ్డ అని అడిగినయెడల పదిమంది పెద్దలు లేచి చెప్పవలెను. బలహీనుల అన్నము ఎవరును లాగుకొనకుండుటకే పురద్వారమున్నది. మాట ఇచ్చిన స్థలము కళ్ళము, సాక్ష్యము పలికిన స్థలము పురద్వారము. ఈ రెండును పెండ్లికి కావలెను, అయితే రెండును ఒకటి కావు. ఈ సంగతి గ్రహించినయెడల నేడు జరుగుచున్న వాదము సగము తేటపడును.

ఇక మత్తయి 19. పరిసయ్యులు వచ్చి భార్యను విడనాడుటను గూర్చి ప్రభువును అడిగిరి. మోషే పరిత్యాగ పత్రిక ఇయ్యమని ఆజ్ఞాపించెను గదా అనిరి. ప్రభువు జవాబులో రెండు సంగతులున్నవి. మొదటిది, ఆదినుండి దేవుడు ఉద్దేశించినది ఏది అనునది: పురుషుడు, స్త్రీ, ఇద్దరు ఏకశరీరమగుట. రెండవది, మోషే ఆ చీటిని మీ హృదయ కాఠిన్యమును బట్టి అనుమతించెను అనునది. ఈ రెండవ దానిని మనము త్వరగా దాటిపోవుదుము. మోషే చీటి దేవుని పూర్ణ చిత్తము కాదు. అయినను అది చెడ్డదియు కాదు. చీటి లేకుండ వెళ్ళగొట్టబడిన స్త్రీ ఏ ఇంటికిని చెందనిదై వీధిపాలగును. చీటి ఉన్నయెడల ఆమెకు ఒక రుజువు ఉండెను. దేశపు చట్టమెప్పుడును అటువంటిదే. కఠినమైన హృదయములు గల మనుష్యుల నడుమ, ఎవరును మరీ నలిగిపోకుండ చేయు ఏర్పాటు అది. ఏదెను తోట చట్టమును ఏ పార్లమెంటును చేయజాలదు.

ఇక్కడ నా బోధను దాచను. వివాహము ఒక పురుషునికిని ఒక స్త్రీకిని జీవితాంతము జరుగు నిబంధన అని వాక్యములో నేను చదువుచున్నాను, అట్లే బోధించుచున్నాను, అటువంటి పెండ్లినే జరిపించుదును. ఈ విషయములో నాకు సందేహము లేదు. కాని పౌలు కొరింథీయులకు మొదటి పత్రిక 5వ అధ్యాయము చివర, వెలుపలి వారికి తీర్పు తీర్చుట మన పని కాదని, వారిని దేవుడే చూచుకొనునని వ్రాసెను. అదే అధ్యాయములో సంఘము లోపలి పాపమును గూర్చి ఎంత కఠినముగా మాట్లాడెనో చూడుడి. మనమైతే తలక్రిందులు చేసితిమి. లోపలివారిని వదలి వెలుపలివారికి తీర్పు తీర్చుచున్నాము. వరకట్న నిషేధ చట్టము 1961 నుండి ఉన్నది. మన సంఘములలో కట్నము మాట లేకుండ కుదిరిన సంబంధములు ఎన్ని? సంబంధము చూచునప్పుడు "మనవాళ్ళేనా?" అని మెల్లగా అడుగుట మన ఊళ్ళలోనే కాదు, బొంబాయిలో కూడ మానలేదు.

మన బాప్టిస్టు పితరులు ఈ విషయములో ఎటువైపు నిలిచిరో తెలిసికొనుట మంచిది. థామస్ హెల్విస్ అను దైవజనుడు 1612లో ఇంగ్లండు రాజైన మొదటి జేమ్సుకు ఒక పుస్తకము వ్రాసి పంపెను. రాజు మర్త్యుడు గాని దేవుడు కాడని, ప్రజల ఆత్మల మీద అతనికి అధికారము లేదని దాని సారాంశము. అందుకు న్యూగేటు చెరసాలలో వేయబడెను. తరువాత 1753లో ఆ దేశములో ఒక వివాహ చట్టము వచ్చినది. క్వేకర్లు, యూదులు తప్ప మిగిలినవారందరు ప్రభుత్వ సంఘమైన ఆంగ్లికను గుడిలోనే పెండ్లి చేసికొనవలెను. మరెక్కడనైన జరిపించిన పాదిరికి 14 సంవత్సరముల ద్వీపాంతర శిక్ష. బాప్టిస్టు తల్లిదండ్రులు తమ పిల్లల పెండ్లికి తాము ఒప్పుకొనని సంఘపు గుడికి, తాము ఒప్పుకొనని ప్రార్థనల క్రిందికి పోవలసి వచ్చినది. మన దేశమునకు వచ్చిన విలియం కేరీ 1781లో డొరతీని పెండ్లాడినది కూడ పిడింగ్టన్ గ్రామపు ఆంగ్లికను గుడిలోనే. అప్పటికి ఆయన బాప్తిస్మము ఇంకను కాలేదు. డొరతీకి సంతకము రాక రిజిష్టరులో గీటు గీసినది. ఆ చట్టము 1836లో మారువరకు రెండు మూడు తరముల బాప్టిస్టులు ఆ భారము మోసిరి.

అమెరికాలోని వర్జీనియాలోను అంతే. అక్కడ లైసెన్సు లేకుండ ప్రసంగించిరని మన బోధకులను 1768 నుండి చెరసాలలో వేసిరి. వారు జరిపిన పెండ్లిళ్ళు చెల్లవనిరి. మనవారు అర్జీలు పెట్టగా పెట్టగా 1780లో ఒక చట్టము చేసిరి. అందులోను ఒక్కొక్క కౌంటీకి ఒక్కొక్క శాఖనుండి నలుగురు బోధకులకే పెండ్లి జరిపించు లైసెన్సు ఇత్తుమనిరి. 1784లో గాని ఆ హద్దు పోలేదు. ప్రభుత్వము ఒక మతపు పెండ్లిని పట్టుకొని అందరి మీద రుద్దినప్పుడు నలిగినవారు మనవారే. ఈ సంగతి మరచి నేడు మనము ప్రభుత్వమును పిలిచి, మా బోధను అందరి మీద రుద్దుము అని అడుగుట నాకు వింతగా ఉన్నది.

అదే వర్జీనియాను గూర్చి ఇంకొక మాట. 1958లో రిచర్డు లవింగ్ అను తెల్లవాడును, మిల్డ్రెడ్ అను నల్లజాతి స్త్రీయు వాషింగ్టను నగరములో పెండ్లి చేసికొని స్వగ్రామమునకు వచ్చిరి. అక్కడ అది నేరము. రాత్రివేళ పోలీసులు వచ్చి పడకగదిలో పట్టుకొనిరి. ఏడాది జైలు, లేదా 25 సంవత్సరములు రాష్ట్రము విడిచి పొమ్మని శిక్ష. దేవుడే జాతులను వేరువేరు ఖండములలో ఉంచెను గనుక అవి కలియుట ఆయన చిత్తము కాదని ఆ న్యాయాధిపతి తరువాత వ్రాసెను. 1967 జూన్ 12న అమెరికా సుప్రీం కోర్టు ఆ చట్టమును కొట్టివేసినది. ఆ రాష్ట్రములో అప్పుడు బాప్టిస్టులకు కొదువ లేదు. చాలమంది ఆ చట్టమును బైబిలుతోనే సమర్థించిరి. ఒకప్పుడు లైసెన్సు కొరకు అర్జీలు పెట్టినవారి మనుమలే వారు. 2015 జూన్ 26న అదే కోర్టు స్వలింగ వివాహమును దేశమంతట అనుమతించినప్పుడు అక్కడి సంఘములు రెండుగా చీలి వాదించుకొనినవి, ఇంకను వాదించుచున్నవి. ఆ రెండు వ్యాజ్యములు ఒకటేనని నేను చెప్పుట లేదు. దేవుని పేరు చెప్పి చట్టము చేయించునప్పుడు మన చెయ్యి వణకవలెనని మాత్రము చెప్పుచున్నాను.

మన దేశములో ప్రభుత్వపు చెయ్యి మన పెండ్లి మీద మొదటినుండి ఉన్నది. 1866లో ఒక చట్టము చేసిరి. క్రైస్తవుడైన కారణమున భార్యయో భర్తయో విడిచిపోయి ఆరు నెలలు దాటినయెడల, ఆ మొదటి వివాహమును కోర్టు రద్దు చేయవచ్చునని అందులో వ్రాసిరి. 1 కొరింథీయులకు 7:15లో పౌలు చెప్పిన దానికి దొరలు చేసిన చట్టరూపమది. ఫ్రెంచివారి దేశములో 1792 నుండి మునిసిపలు అధికారి ఎదుట జరిగినదే చట్టపు పెండ్లి, గుడిలోనిది ఎవరి విశ్వాసము వారిది. పుదుచ్చేరి, యానాం ప్రాంతములలో 1881 డిక్రీ క్రింద ఫ్రెంచి పౌరచట్టమును కోరుకొన్న కుటుంబముల వంశస్థులకు ఈ తేడా తెలియును. కళ్ళము వేరు, పురద్వారము వేరు అని అక్కడ కాగితము మీదనే ఉన్నది.

మన 1872 చట్టములో మాత్రము రెండును కలిపివేసిరి. మన పాస్టరు కళ్ళములో బోధకుడు, పురద్వారములో ప్రభుత్వపు గుమాస్తా. లైసెన్సు ఇచ్చునది రాష్ట్ర ప్రభుత్వము, తీసివేయగలదియు అదియే. ఆ లైసెన్సు ఇచ్చిన రాష్ట్రపు ఎల్లలలోనే చెల్లును. ఇది మన వలస సంఘములవారు గట్టిగా గుర్తుంచుకొనవలెను. గుంటూరు నుండియో నెల్లూరు నుండియో మేనమామ వరుసైన పాస్టరుగారిని పిలిపించి పూనాలో పెండ్లి జరిపించుదుము. ఆయన ఆంధ్ర లైసెన్సు మహారాష్ట్రలో పనికిరాదు. అధికారము లేక పెండ్లి జరిపించినవారికి 68వ సెక్షను క్రింద 10 సంవత్సరముల వరకు జైలు. ఉదయము 6 గంటలకు, సాయంకాలము 7 గంటలకు మధ్యనే జరుగవలెనని 10వ సెక్షను. (విద్యుద్దీపాలంకరణ బాగుండునని రాత్రి 9 గంటలకు ప్రమాణములు చేయించువారు దీనిని చదువుదురు గాక.) 9వ సెక్షను లైసెన్సు గలవారు రిజిష్టరును ఇంగ్లీషులోనైనను, పెండ్లి జరిగిన ప్రాంతమున వాడుకలో ఉన్న భాషలోనైనను వ్రాయవలెను. మన సంఘములలో చాలచోట్ల అది తెలుగులో ఉన్నది. నకళ్ళు పంపుట అనునది గుర్తున్నప్పటి మాట.

ఇక పెద్దాయన భయమునకు జవాబు. బాప్తిస్మము పొందనివారికి, మూడు వారములు ప్రకటన చేయనివారికి పెండ్లి చేయమని ఇప్పటికే ఎందరినో త్రిప్పి పంపుచున్నాము. ఏ కలెక్టరును వచ్చి అడుగలేదు. నన్ను భయపెట్టునది వేరొకటి. 2022లో కర్ణాటకలో చేసిన మతస్వేచ్ఛ చట్టములో, మతము మార్చుటకే జరిగిన వివాహమును కోర్టు చెల్లదనవచ్చునని వ్రాసిరి. ఉత్తరాఖండులో 2025 జనవరి 27 నుండి పెండ్లి లేకుండ కలిసి యుండువారు కూడ ప్రభుత్వమునొద్ద నమోదు చేసికొనవలెను. ఇతరుల ఇంటిలోనికి ఈ చెయ్యి పోవునప్పుడు చప్పట్లు కొట్టినవారికి, అది తమ ఇంటి తలుపు తట్టునప్పుడు అడ్డు చెప్పుటకు నోరు రాదు.

కోర్టులో ఆ పిటిషన్లు వేసినవారు అడిగిన వాటి పట్టికను చదివితిని. బ్యాంకులో కలిపి ఖాతా, రేషను కార్డు, ఆసుపత్రిలో సంతకము, చనిపోయినప్పుడు శవమును తీసికొను హక్కు, దత్తత, వారసత్వము. ఒకటి రెండు తప్ప మిగిలినవన్నియు పురద్వారపు సంగతులే. 2024 ఆగస్టు, సెప్టెంబరులలో కేంద్ర ప్రభుత్వమే, అటువంటివారు కలిపి ఖాతా తెరచుటకు అడ్డు లేదనియు, రేషను కార్డులో ఒక ఇంటివారిగా చూడవలెననియు తెలియజేసినది. జబ్బుపడిన మనుష్యుని ప్రక్కన ఎవరుండవలెనో ఆయనే చెప్పుకొనుటలో నా వివాహ బోధకు కలుగు నష్టము ఏమిటో ఎంత ఆలోచించినను నాకు తోచలేదు. పార్లమెంటు దీనిని పెండ్లి అని పిలువవలెనా వద్దా అను విషయమున విశ్వాసులు వేరువేరు అభిప్రాయములు కలిగియుండవచ్చును. నేను దానిని సభ్యత్వమునకు పరీక్షగా పెట్టను.

ఇంతవరకు వాక్యము, చరిత్ర, చట్టము చెప్పితిని. ఇక నా తప్పు చెప్పవలెను. సంఘము పేరు, ఊరు చెప్పను.

మన సంఘములలో ఒకదానిలో ఒక విధవరాలైన సహోదరి ఉన్నది. భర్త ఒక సంస్థలో పనిచేసి, రిటైరయిన కొన్నాళ్ళకు ప్రభువునందు నిద్రించినాడు. ఆమె స్త్రీల సమాజమునకు పదకొండేండ్లు ట్రెజరరు. పైసా తేడా రాలేదు. ఒక్కడే కుమారుడు, వేరే నగరములో ఉద్యోగము. ఆ తీర్పు వార్తలు టీవీలో వచ్చుచున్న దినములలో అతడు ఇంటికి వచ్చి, తాను ఇంకొక యువకునితో కలిసి ఉంటున్నానని, పెండ్లి సంబంధములు చూడవద్దని తల్లికి చెప్పినాడు. ఆమె ప్రార్థన కూటములో ఒక్క సహోదరికి చెప్పుకొని ఏడ్చినది. పది దినములలో అందరికి తెలిసినది. కమిటీ కూడినది. కొడుకును ఇంటికి రానీయనని వ్రాసియిచ్చువరకు ఆమెను ట్రెజరరు పనినుండి తొలగించవలెనని ఒకరు ప్రతిపాదించిరి, ఒకరు బలపరచిరి. అధ్యక్షస్థానములో ఉన్నది నేను. ఆమె ఏ పాపము చేసినదని అడుగవలసినవాడను. సంఘము రెండగునేమో అని భయపడి, నోరు మూసికొని, మినిట్స్ పుస్తకములో సంతకము పెట్టితిని. ఆమె ఆ సాయంకాలమే లెక్కల పుస్తకమును, డబ్బు సంచిని తెచ్చి అమ్మగారి చేతికిచ్చి పోయినది. కాఫీ త్రాగమన్నను కూర్చుండలేదు.

నాలుగు నెలల తరువాత ఆమె మళ్ళీ మా ఇంటికి వచ్చినది. ఫ్యామిలీ పెన్షను ఆగిపోయినది. భర్త సర్వీసు పుస్తకములో ఆమె పాత పేరు, ఆధారులో బాప్తిస్మపు పేరు. ఈమే ఆయన భార్య అనుటకు వివాహ సర్టిఫికెట్ తెమ్మన్నారు. పెండ్లి జరిగినది 1979లో, మన మందిరములోనే. అప్పటి కాపరి దివంగతులు. బీరువా అడుగునుండి రిజిష్టరు తీసితిని. పేజీ ఉన్నది, ఇద్దరి సంతకములున్నవి, సాక్షుల సంతకములున్నవి, అంతయు తెలుగులో. నకలు ప్రభుత్వమునకు పంపిన గుర్తు ఎక్కడను లేదు. ఆ కార్యాలయములో దానిని చూచి, ఈ లిపి మాకు తెలియదు, మా రికార్డులో లేదు అనిరట. వారిని నేను తప్పుపట్టను. పురద్వారములో కూర్చుండవలసిన మనమే లేచిపోయితిమి.

"ఇప్పుడు ఏం చేస్తావమ్మా?" అని అడిగితిని.

"బాబు సెలవు పెట్టి వస్తున్నాడు అయ్యగారూ" అన్నది.

ఆ కుమారుడు వచ్చినాడు. రిజిష్టరు పేజీని ఫోటో తీయించి, తర్జుమా చేయించి నోటరీ వేయించినాడు. పెండ్లికి సాక్షులుగా సంతకము చేసిన ఇద్దరిలో ఒకాయన ఒంగోలు దగ్గర ఒక గ్రామములో మంచము మీద ఉన్నాడని కనుగొని, అక్కడికి పోయి అఫిడవిట్ తెచ్చినాడు. నా చేత ఒక ఉత్తరము వ్రాయించుకొన్నాడు. వ్రాయుచున్నప్పుడు అతని ముఖము చూడలేకపోయితిని. ఆ కార్యాలయము చుట్టు ఎన్నిసార్లు తిరిగినాడో అతనికే తెలియును. బకాయిలతో సహా పెన్షను వచ్చినది.

వివాహమును కాపాడుచున్నామని తీర్మానము చేసినది మేము. మా మందిరములో జరిగిన వివాహమునకు రుజువు సంపాదించి తెచ్చినది, ఇంటికి రానీయవద్దని మేము చెప్పిన ఆ కుమారుడు. సహోదరులారా, ఇందుచేత నా బోధ మారలేదు. ఆ యువకుడు నడచుచున్న మార్గమును గూర్చి నా అభిప్రాయము అతనికి తెలియును, అడిగినప్పుడు దాచలేదు. నాతో వాదించలేదు. అయితే మేము చేసిన ఆ తీర్మానమునకు వాక్యములో ఆధారము ఎక్కడ ఉన్నదని ఆనాటినుండి వెదకుచున్నాను. తప్పిపోయిన కుమారుని కథలో తండ్రి, కుమారుడు ఇంకను దూరముగా ఉన్నప్పుడే పరుగెత్తెను. ఆ తండ్రిని ఊరివారు ట్రెజరరు పనినుండి తీసివేసిరని లూకా వ్రాయలేదు.

మా రిజిష్టరును ఇప్పుడు ఇంగ్లీషులో మొదటినుండి తిరిగి వ్రాయించుచున్నాము. 1964 నుండి ఉన్నవి. ఇద్దరు యౌవనస్థులు ఆదివారము మధ్యాహ్నములు కూర్చుండి వ్రాయుచున్నారు. మీ సంఘములలోని బీరువాలు కూడ ఒకసారి తెరచి చూచుకొనుడి, మీ పాస్టరుగారి లైసెన్సు ఏ రాష్ట్రమిచ్చినదో, ఎప్పటిదో అడుగుడి. ఆయన కోపపడినను అడుగుడి.

ఇక ఆ తీర్మానమును రద్దు చేయవలెనని నేను వ్రాసియిచ్చితిని. ఇద్దరు డీకన్లు ఒప్పుకొనలేదు. ఒకాయన నాతో మాట్లాడుటయే మానినాడు. సర్వసభ్య సమావేశములో ఓటుకు వచ్చును. ఏమగునో నాకు తెలియదు. ఆ సహోదరి ప్రతి ఆదివారము వచ్చి చివరి బల్ల మీద కూర్చుండి, ముగింపు ప్రార్థన కాగానే లేచి పోవుచున్నది. ఆమె కొరకు, ఆమె కుమారుని కొరకు, ఆ సభలో నేను ఈసారి నోరు తెరచునట్లు నా కొరకు ప్రార్థించుడి.